అప్‌డేట్: సిలిండర్ వాల్వ్ ఓ-రింగులు ఎందుకు ఉబ్బాయో తెలిసింది

పోయిన నెల అడిగాను కదా, కావలిలో మా వర్క్‌షాప్‌లో 200 బార్ సీఎన్‌జీ వాల్వ్‌లో గ్యాస్ కారకుండా వేసిన నల్ల రబ్బరు ఓ-రింగులు (గుండ్రటి సీళ్ళు) విప్పగానే బొబ్బలెక్కుతున్నాయని. నీళ్ళతో ప్రెషర్ టెస్ట్‌లో ఒక్కటీ ఫెయిల్ కాలేదు, అదే నన్ను మోసం చేసింది.

మీలో ఒకరు చెప్పిందే నిజం. ఎక్కువ ప్రెషర్‌లో గ్యాస్ మెల్లగా రబ్బరులోకి దిగుతుంది. మనం ఠక్కున ప్రెషర్ వదిలేస్తే, లోపలున్న గ్యాస్ బయటికి రావడానికి టైమ్ చాలక అక్కడే వ్యాకోచించి రబ్బరును చీలుస్తుంది. నీళ్ళకు ఆ బాధ లేదు. మా కుర్రాడు సోడా బాటిల్ మూత తీసినట్టు వాల్వ్ తిప్పేవాడు లెండి.

ఇప్పుడు 70 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత) ఉన్న నైట్రైల్ రబ్బరు రింగులు తీసేసి, గ్యాస్‌కు తట్టుకునేలా చేసిన 90 షోర్ రింగులు తెప్పించాను. ధర చూసి కళ్ళు తిరిగాయి. రింగు కూర్చునే గాడి కొలతలూ సరిచూసుకున్నాను. టెస్ట్ కూడా మార్చాం: గ్యాస్‌లో నానబెట్టి, ప్రెషర్ దించి, రింగు తూకం వేసి, నాలుగు ముక్కలుగా కోసి భూతద్దంలో చూస్తున్నాం. పైకి నున్నగా ఉన్న పాత రింగు లోపల సన్నటి పగుళ్ళు కనిపించాయి! నార్సోక్ ఎం-710 అనే నార్వే చమురు పరిశ్రమ ప్రమాణంలో ఈ పగుళ్ళకు 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారట, 0 అంటే పగులు లేనట్టు. కొత్తవాటిలో కోసిన మూడింటిలోనూ పగులు లేదు.

ప్రెషర్ దించడం మాత్రం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను.