నెట్ సెంటర్ పాత పార్టులతో టీవీకి హోమ్ థియేటర్ పీసీ: ఇవి సరిపోతాయా?

కందుకూరు కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా బాబాయి నెట్ సెంటర్ ఎత్తేసినప్పుడు మిగిలిన సామాను మా అటక మీద పడి ఉంది. దుమ్ము దులిపి పనికొచ్చేవి ఏరితే కోర్ ఐ5 2400 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యాములు రెండు, జీటీ 710 కార్డు, 500 జీబీ హార్డ్ డిస్కు, పేరు లేని ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) ఒకటి తేలాయి. బోర్డు ఆన్ అవుతోంది, డిస్‌ప్లే వస్తోంది, డేట్ మాత్రం ప్రతిసారీ వెనక్కి పోతోంది. హాల్లో 43 అంగుళాల 4కె టీవీ ఉంది, దానికి పెన్‌డ్రైవ్ పెడితే సగం సినిమాలకు బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు, ఆడియో ఫార్మాట్ సపోర్ట్ చేయదు అంటుంది. నాన్న దాచుకున్న పాత పౌరాణికాలన్నీ ఒక పెద్ద డిస్కులో ఉన్నాయి, ఆయన రిమోట్ నొక్కితే చాలు పాడేటట్టు ఉండాలి, మౌస్ పట్టుకోమంటే పట్టుకోడు. మూడు పిన్నుల పాత 5.1 స్పీకర్ల సెట్టు కూడా ఉంది. 5 వేల లోపు పెట్టగలను. దేనికి పెట్టాలి, ఏది ఉన్నదాంతో సర్దుకోవచ్చు?

ఒంగోలు సర్వీసు:
డేట్ పోతోందంటే బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు అయిపోయింది, సీఆర్2032 అని ఏ వాచీల కొట్లో అడిగినా ఇస్తారు. అసలు భయం దానితో కాదు, ఆ పేరు లేని ఎస్‌ఎంపీఎస్‌తో. ఏళ్ళ తరబడి రోజంతా తిరిగి, తర్వాత అటక మీద ఎండకు మాడిన సరుకు అది. పోతే ఒంటరిగా పోదు, బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోతుంది. నీ ప్రాసెసర్ 95 వాట్లది కాబట్టి పెద్ద సప్లై అక్కర్లేదు, మంచి కంపెనీ 400 వాట్లది కొత్తది కొను, ముందు డబ్బు దానికే పెట్టు. పాతదాన్ని విప్పి బాగుచేద్దామని మాత్రం చూడొద్దు, ప్లగ్గు పీకినా లోపల కెపాసిటర్లలో (చార్జ్ దాచుకునే చిన్న గొట్టాల్లాంటి పార్టులు) చార్జ్ నిలిచి ఉంటుంది. బోర్డు మీద కెపాసిటర్ల తలలు కూడా వేలితో తడిమి చూడు, చదునుగా ఉండాలి, ఉబ్బినా పైన గోధుమరంగు మరక కనబడినా ఆ బోర్డు మీద ఆశ పెట్టుకోవద్దు. హార్డ్ డిస్కుకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టి చూసి, పసుపు రంగు చూపిస్తే నాన్నగారి సినిమాలు అందులో వేయొద్దు. సిస్టమ్‌కి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు, హెచ్61లో డిస్కు తగిలించే సాటా పోర్టు వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది కానీ ఈ పనికి ఆ తేడా తెలియదు.

నెల్లూరు వీడియో:
పైన అన్న చెప్పిన సప్లై మాట నిజం, కానీ ఈ పీసీ బాగా పాడుతుందా లేదా అన్నది తేల్చేది వీడియో డీకోడింగ్, అంటే కుదించి దాచిన వీడియోను విప్పి బొమ్మగా చూపించే పని. గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా, ఢోకా లేదనుకుంటారు చాలామంది. వీడియోను కుదించే పాత పద్ధతి (కోడెక్) హెచ్.264ని జీటీ 710 హాయిగా తిప్పుతుంది, దాని తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ (హెచ్.265) మాత్రం దానికి రాదు. అది రానప్పుడు పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. 1080పీ హెచ్‌ఈవీసీ అయితే ఐ5 2400 ఫ్యాను హోరెత్తినా లాక్కొస్తుంది, 4కె 10-బిట్ (రంగుల ఛాయలు ఎక్కువుండే) ఫైలు పెట్టావా, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది, మాట ముందు పోతుంది, పెదాలు వెనక కదులుతాయి. అందుకే కొనకముందే నీ దగ్గరున్న ఫైళ్ళు ఎలాంటివో చూడు. వీఎల్‌సీలో పాడించి టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరువు, అక్కడ కోడెక్ దగ్గర హెచ్.264 అని ఉందా, హెచ్‌ఈవీసీ అని ఉందా, కింద 10-బిట్ అని ఉందా అన్నది చదువు. పది ఫైళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

ఇంకోటి, 710లో హెచ్‌డీఎంఐ 1.4 మాత్రమే, 4కె పెడితే 30 హెర్ట్‌జ్ (సెకనుకు 30 బొమ్మలు) దాటదు, మెనూలు జిగురుగా కదులుతాయి. టీవీకి 1080పీ 60 ఇచ్చెయ్, మిగతాది టీవీయే పెంచుకుంటుంది, పాత సినిమాలకు తేడా కనబడదు. కార్డు తీసేసి బోర్డు మీది హెచ్‌డీఎంఐ వాడొచ్చు కదా అంటావేమో, ఆ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ఒక రోగం ఉంది: సినిమా నడిచేది సెకనుకు 23.976 ఫ్రేములతో, ఆ గ్రాఫిక్స్ మాత్రం టీవీకి సరిగ్గా 24 పంపుతుంది, దాంతో సుమారు 40 సెకన్లకొకసారి చిన్న కుదుపు. మెల్లగా పాన్ అయ్యే షాట్లలో నాకు అది ముల్లులా గుచ్చుకుంటుంది.

కందుకూరు కుర్రోడు:
చూశాను అన్నా. నాన్నవి దాదాపు అన్నీ హెచ్.264, కొన్ని ఇంకా పాత డీవీడీ రిప్పులు. నేను ఈమధ్య తెచ్చుకున్నవి మాత్రం హెచ్‌ఈవీసీ 10-బిట్, 4కె.

కావలి నుంచి:
తమ్ముడూ, నువ్వు ఓటీటీ ఎక్కువ చూస్తావా, సొంత ఫైళ్ళు ఎక్కువ చూస్తావా? ఓటీటీ అయితే ఈ బాధంతా ఎందుకు, బ్రాండెడ్ ఆండ్రాయిడ్ టీవీ స్టిక్ పెట్టుకో. పీసీ బ్రౌజర్‌లో చాలా యాప్‌లు పూర్తి క్వాలిటీ ఇవ్వవు, లినక్స్‌లో మరీ తగ్గిస్తాయి, స్టిక్‌లో ఆ గొడవ లేదు, పది వాట్ల కరెంటు కూడా తాగదు. మా ఇంట్లో అమ్మకు అదే అలవాటు చేశాను.

నెల్లూరు వీడియో:
ఓటీటీ వరకు కావలి అన్నతో నేనూ ఏకీభవిస్తా. కానీ వాళ్ళ నాన్నకు కావాల్సినవి ఏ యాప్‌లోనూ దొరక్కపోవచ్చు, డిస్కు నిండా ఉన్నవాటిని పోస్టర్లతో వరసగా చూపించి, ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడి నుంచే ఎత్తుకోవడంలో పెద్ద తెర మీద కోడి (Kodi) అనే మీడియా ప్లేయర్‌ని మించింది నేను చూడలేదు.

తమ్ముడూ, నాన్నగారి కోసం ఇప్పుడున్న 710 చాలు, లిబర్‌ఎలెక్ అని కోడి కోసమే చేసిన చిన్న లినక్స్ ఉంది, అది వెయ్యి, ఆన్ చేయగానే నేరుగా కోడిలోకి వెళ్తుంది. నీ 710 లాంటి ఎన్‌విడియా కార్డులకు జెనరిక్ లెగసీ అని వేరే ఇమేజ్ (ఇన్‌స్టాల్ ఫైలు) ఉంటుంది, అది దించుకో. నీ 4కె ఫైళ్ళు కూడా ఆడాలంటే ఎస్‌ఎంపీఎస్ కొన్నాక మిగిలిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో రేడియన్ ఆర్‌ఎక్స్ 550 వెతుకు, హెచ్‌ఈవీసీ 10-బిట్ చేస్తుంది, హెచ్‌డీఎంఐ 2.0 ఉంది, లినక్స్‌లో నడుస్తుంది. జీటీ 1030 కూడా 30 వాట్లతో చల్లగా ఉండే మంచి కార్డే గానీ, లిబర్‌ఎలెక్‌లో దాంతో 10-బిట్ ఇబ్బంది, విండోస్ వాడేవాళ్ళకే నయం. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, 11 నీ ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. కార్డు కోసం చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్ దాకా వెళ్ళేటట్టయితే బోర్డు కూడా సంచీలో పెట్టుకెళ్ళి అక్కడే తగిలించి చూడు, పాత హెచ్61 బోర్డుల్లో కొన్నిటికి కొత్త కార్డులు పడవు. కొన్నాక ఏ ఫైలైనా పాడిస్తూ కీబోర్డు మీద O అక్షరం నొక్కు, డీకోడర్ పక్కన హెచ్‌డబ్ల్యూ అని ఉంటే పని కార్డు చేస్తున్నట్టు.

కోడి ప్లేయర్ సెట్టింగుల్లో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ ఆన్ చెయ్, సినిమా ఫ్రేముల వేగానికి టీవీ వేగం సర్దుకుంటుంది. బొమ్మ అంచులు తెగితే టీవీలో స్క్రీన్ ఫిట్ లాంటిది వెతుకు. స్పీకర్లకు బోర్డు వెనక మూడే రంధ్రాలు ఉంటే ఆకుపచ్చ ముందువాటికి, నీలం వెనకవాటికి, గులాబీ సెంటర్ సబ్‌వూఫర్‌కి మారతాయి, కోడిలో 5.1 ఎంచుకోవాలి. రిమోట్ సంగతి: పీసీ కార్డులు టీవీ రిమోట్ మాట వినవు, యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే చిన్న రిమోట్ కొను, ఆన్ ఆఫ్, బాణాలు, ఓకే ఉంటే నాన్నగారికి చాలు.

చీమకుర్తి:
ఎవరూ దుమ్ము మాట, ఎర్తింగ్ మాట ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. మా ఇంటి పక్కనే గ్రానైట్ కోత, పొడి ఎంత సన్నగా ఉంటుందంటే మూడు నెలలకు హీట్‌సింక్ రెక్కల మధ్య దారి మూసుకుపోతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకో, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగు పోతుంది. సముద్రం పక్క ఊళ్ళలో ర్యాము కాళ్ళకు చిలుము పడుతుంది, పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది, రుద్దిన పొడి స్లాట్‌లో పడకుండా చూడు.

ఎర్తింగ్ లేని ప్లగ్గులో పీసీ పెడితే క్యాబినెట్ ముట్టుకోగానే జిల్లుమంటుంది. ఆ స్థితిలో రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే టీవీ పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. మూడో పిన్ను నిజంగా భూమికి కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, ఎర్త్ పిట్‌లో నీళ్ళు పోసి చాలా కాలమై ఉంటే పోయించు. టీవీ, పీసీ, ఆంప్లిఫైయర్ మూడూ ఒకే బోర్డు నుంచి తీసుకో, స్పీకర్లలో గుయ్యిమనే మోత కూడా తగ్గుతుంది. వైర్లన్నీ బిగించాకే స్విచ్ వెయ్యి.