ట్రాన్సీవర్ వేడెక్కుతోంది: అదనపు ఫ్యాన్ అవసరమా?

ప్రశ్న: 100 వాట్ల హెచ్‌ఎఫ్ ట్రాన్సీవర్‌ను (ప్రసారం, స్వీకరణ రెండూ చేసే హామ్ రేడియో సెట్) మూసిన అరలో ఉంచి ఎఫ్‌టీ8 (కంప్యూటర్ సాయంతో చిన్న సందేశాలు పంపే డిజిటల్ మోడ్) వాడుతున్నాను. వెనుక భాగం చేయి పెట్టలేనంతగా కాలుతోంది. అదనపు ఫ్యాన్ బిగించమంటారా?

జవాబు 1: ముందు పవర్ తగ్గించండి. ఎఫ్‌టీ8లో ప్రతి 15 సెకన్ల వంతులో దాదాపు 12.6 సెకన్లు ప్రసారం ఆగకుండా సాగుతుంది కాబట్టి, మాటల నడుమ విరామం దొరికే ఎస్‌ఎస్‌బీ (మాటలు పంపే మోడ్) కంటే ఫైనల్ ట్రాన్సిస్టర్లపై (ప్రసార శక్తిని పెంచే చివరి దశ) భారం చాలా ఎక్కువ; పైగా ఆ దశ సామర్థ్యం సుమారు సగమే కనుక, యాంటెన్నాకు వెళ్లేంత శక్తీ హీట్‌సింక్‌లో (వేడిని గాలిలోకి వదిలే లోహపు భాగం) వేడిగా చేరుతుంది. ఈ మోడ్‌కు సాధారణంగా 30 వాట్లు చాలు.

జవాబు 2: నా దృష్టిలో అసలు దోషం ఆ అరదే. వేడిగాలి బయటికి పోయే దారి లేనప్పుడు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా అదే గాలి లోపల తిరుగుతుంది. వెనుక పలక తీసేసి, సెట్‌లోని ఫ్యాన్ గాలి వీచే దిశలోనే రెండవదాన్ని బిగించండి.

జవాబు 3: ఫ్యాన్ రిసీవర్‌లో రొద కలిగిస్తే, దాని తీగలను ఫెర్రైట్ కోర్‌కు (తీగల్లోని రేడియో రొదను అణచే అయస్కాంత పదార్థపు కడియం) కొన్ని చుట్లు చుట్టండి.