పారిస్ మ్యూజియం పాస్ ఐదుగురికీ కొనాలా?

క్లాక్ టవర్ (అనంతపురం):
మే రెండో వారంలో నేను, నా భార్య, పదహారేళ్ల అమ్మాయి, పదకొండేళ్ల అబ్బాయి, డెబ్భై ఏళ్లకు దగ్గరపడిన మా అమ్మ పారిస్ వెళ్తున్నాము. ఆదివారం రాత్రి చేరి, శనివారం ఉదయం తిరుగు విమానం ఎక్కుతాము. యాభైకి పైగా మ్యూజియాలు, కట్టడాలు చూపించే పాస్ నాలుగు రోజులది అందరికీ కొనాలా, లేక ఎక్కడికక్కడ టికెట్లు తీసుకోవాలా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
పిల్లలకు కొనకండి. లూవ్ర్, ఓర్సే మ్యూజియాల్లో, వెర్సాయ్ రాజభవనంలో పద్దెనిమిదేళ్లలోపు వారికి, ఏ దేశం వారైనా సరే, ప్రవేశం ఉచితం. వయసు చూపించడానికి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి. పాస్‌ను రోజుల్లో అమ్ముతున్నా లెక్క గంటల్లోనే, అంటే 48, 96, 144 గంటలు. మొదటి గుమ్మంలో స్కాన్ చేసినప్పుడు మొదలైన ఆ లెక్క మీరు హోటల్లో నిద్రపోతున్నా ఆగదు. పైగా సోమవారం ఓర్సే, వెర్సాయ్, మంగళవారం లూవ్ర్ మూసి ఉంటాయి కనుక, ఆ రెండు రోజులూ పాస్ వర్తించని ఈఫిల్ టవర్‌కూ ఊరు తిరగడానికీ ఉంచుకుని, రెండు రోజుల పాస్‌ను బుధవారం సాయంత్రం నాలుగింటికి లూవ్ర్‌లో మొదలుపెట్టండి. ఆ రోజు అది రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. గురువారం ఓర్సే కూడా రాత్రి దాకా ఉంటుంది. శుక్రవారం ఉదయం వెర్సాయ్ చూసినా ఇంకా గడువు మిగులుతుంది.

దేవుని కడప:
పై లెక్క బాగుంది, కానీ పాస్ ఉన్నంత మాత్రాన లూవ్ర్ లోపలికి పంపరు. మేము ఆ భ్రమలోనే వెళ్లి, గాజు పిరమిడ్ ముందు ఎండలో అరగంట నిలబడి, చేతిలో పాస్ పెట్టుకుని వెనక్కి వచ్చాము. తప్పు పూర్తిగా మాదే. లూవ్ర్‌కూ, వెర్సాయ్‌కూ, సెయింత్ షాపెల్ చర్చికీ ముందుగానే వేళ ఖాయం చేసుకోవాలి, ఉచితంగా వచ్చే పిల్లలకు కూడా. ఓర్సే 1900 నాటి రైల్వే స్టేషన్. మా అబ్బాయి చిత్రాలకంటే పై అంతస్తులోని పెద్ద గడియారపు అద్దం దగ్గరే ఎక్కువసేపు ఉన్నాడు, అంకెల సందుల్లోంచి సెయిన్ నది కనిపిస్తుంది మరి.

అమ్మగారికి పాస్ గిట్టదని నా అభిప్రాయం. రెండు రోజుల్లో రెండే చోట్లు చూసేవారికి విడి టికెట్లే నయం. పాస్‌లో ఉన్న విజయ తోరణం పైకి 284 మెట్లు; అది ఆవిడకు వద్దు. లూవ్ర్‌లో చక్రాల కుర్చీ డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. గీమే మ్యూజియంలో మాత్రం మన అమరావతి శైలి సున్నపురాతి శిల్పాలు ఉన్నాయి, అది తప్పక చూపించండి. మంగళవారం దానికీ సెలవే.

క్లాక్ టవర్ (అనంతపురం):
ఇద్దరికీ ధన్యవాదాలు. మా దంపతులకు రెండు పాస్‌లు తీసుకుని, బుధవారం నాలుగింటికి పిల్లలతో సహా లూవ్ర్ వేళ ఖాయం చేశాము. అమరావతి రాళ్ల సంగతి చెప్పగానే అమ్మ, తనకు ఆ ఒక్క టికెట్టు చాలన్నారు.