తెల్లబారిన పగడం మీది విబ్రియో: 16ఎస్ 99.2 శాతం కలిస్తే కొత్త జాతి కాదా?

ప్రశ్న: మన్నార్ సింధుశాఖలో తెల్లబారిన అక్రోపోరా పగడపు కొమ్మ (అనుమతితో తీసినది) నుంచి మెరైన్ అగార్ 2216 (సముద్రపు బ్యాక్టీరియాను పెంచే మాధ్యమం) మీద ఒక విబ్రియో బ్యాక్టీరియా వచ్చింది. దాని 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే జన్యువు) తెలిసిన జాతితో 99.2 శాతం కలిసింది. కొత్త జాతికి గీత 98.7 శాతం కదా, ఇక వదిలేయాలా సార్?

జవాబు: వదిలేయకండి. 98.7 కంటే తగ్గితే కొత్త జాతి అయ్యే అవకాశం గట్టిగా ఉన్నట్టు. దాటినంత మాత్రాన పాతదేనని కాదు. విబ్రియోల్లో, ముఖ్యంగా హార్వేయి బృందంలో (దగ్గరి చుట్టాలైన విబ్రియో జాతుల గుంపు), వేరువేరు జాతులకే 16ఎస్ 99 శాతం పైన కలుస్తుంది. ఒకే కణంలో ఆ జన్యువు ప్రతులు చాలా ఉంటాయి, వాటిలోనే చిన్న తేడాలుంటాయి. కాబట్టి సాంగర్ పద్ధతిలో డీఎన్ఏ చదివిన గ్రాఫ్‌లో అక్కడక్కడా జంట శిఖరాలు కనబడితే వెంటనే కల్తీ అనుకోవద్దు. అలాగని కల్తీ లేదనీ అనుకోవద్దు: మూడుసార్లు స్ట్రీక్ చేసి (ప్లేట్ మీద గీసి విడదీసి), ఒంటి కాలనీ నుంచి 16ఎస్‌ను 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (జన్యువు చివరలను పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) మళ్ళీ చదివించండి.

తేల్చేది జీనోమే (మొత్తం డీఎన్ఏ). రెండు జీనోమ్‌లు ఎంత కలుస్తాయో చెప్పే కొలతలు రెండు: ఏఎన్‌ఐ, డిజిటల్ డీడీహెచ్. కొత్త జాతి అనాలంటే ఏఎన్‌ఐ 95–96 శాతం కంటే, డిజిటల్ డీడీహెచ్ 70 శాతం కంటే తక్కువ రావాలి. పోల్చేది టైప్ స్ట్రెయిన్లతోనే (ఒక జాతి పేరుకు ప్రమాణంగా ఉంచిన నమూనాలు). బ్లాస్ట్‌లో (డేటాబేస్‌లో పోలికలు వెతికే సాధనం) మొదట వచ్చిన పేరు ఎవరో తప్పుగా పెట్టింది కావచ్చు. డబ్బు సరిపోకపోతే ముందు పైర్‌హెచ్, రెక్‌ఏ, జైర్‌బీ జన్యువులు చూసి, దూరంగా ఉన్నవాటినే జీనోమ్‌కు పంపండి.

మరొకరు: బయోకెమికల్ పరీక్షల్లో ఎక్కువమంది పొరబడేది ఉప్పు దగ్గర. ఏపీఐ స్ట్రిప్‌కు (చాలా బయోకెమికల్ పరీక్షలు ఒకేసారి చేసే పట్టీ) మామూలు సెలైన్ వాడితే సముద్రపు బ్యాక్టీరియా సరిగా పెరగదు, అన్నీ నెగటివ్ చూపిస్తుంది. 2 శాతం సోడియం క్లోరైడ్‌లో కలపండి. ఆక్సిడేజ్ ఎంజైము పరీక్షకు టీసీబీఎస్ (విబ్రియోలను ఏరడానికి వాడే మాధ్యమం) మీది కాలనీ తీయొద్దు, ఫలితం నమ్మలేం. అదే రోజు 20 శాతం గ్లిసరాల్‌లో, మైనస్ 80 డిగ్రీల దగ్గర నాలుగైదు గొట్టాలు దాచండి.

అడిగినవారు: ఇదే పగడాన్ని తెల్లబార్చిందని రాయొచ్చా?

జవాబు: రాయకండి. అక్కడ దొరకడం వేరు, కారణం కావడం వేరు. మధ్యధరా సముద్రపు ఓక్యులినా పటగోనికా అనే పగడంలో తెల్లబారడానికి విబ్రియో షిలోయ్ కారణమని ప్రయోగాలు చూపాయి. 2003 తర్వాత అదే పగడాల్లో ఆ బ్యాక్టీరియా కనిపించలేదు, అయినా వేసవిలో అవి తెల్లబారుతూనే వచ్చాయి. కనీసం పక్కనున్న ఆరోగ్యమైన కొమ్మనూ, చుట్టూ ఉన్న నీటినీ అదే పద్ధతిలో ప్లేట్ చేసి పోల్చండి. వడకట్టి, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో) శుద్ధి చేసిన సముద్రపు నీటితో కొమ్మను మూడుసార్లు కడగండి, లేకపోతే నీటి బ్యాక్టీరియానే పగడానిదనుకుంటారు. నాచు పట్టిన కొమ్మ వద్దు, అది తెల్లబారింది కాదు, చచ్చిపోయింది.

మరొకరు: కొత్త జాతే అని తేలితే, దాని టైప్ స్ట్రెయిన్‌ను రెండు దేశాల్లోని రెండు కల్చర్ కేంద్రాల్లో (సూక్ష్మజీవులను భద్రపరిచే చోట్లు) ఉంచితేనే పేరు చెల్లుతుంది. ఒకటి చండీగఢ్ ఎంటీసీసీ కావచ్చు. విదేశానికి పంపడానికి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలున్నాయి, ఏ అనుమతి కావాలో ముందే కనుక్కోండి. పగడాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, సేకరణ అనుమతి కాగితం కూడా చూపాల్సి రావచ్చు.