సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్: ఏ పనికి ఏ కౌన్సిల్?

ప్రశ్న:
నమస్తే అండి. ఈ మధ్యే ఇంగ్లండ్‌లో కేంబోర్న్‌కి మారాం. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద కట్టే స్థానిక పన్ను) బిల్లు సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ పంపింది, లోపల మాత్రం కౌంటీ కౌన్సిల్, పోలీసు, ఫైర్, టౌన్ కౌన్సిల్ అని ఎవరి లెక్క వాళ్లది. బాబుని వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్‌లో (ఇక్కడి స్కూల్లో మొట్టమొదటి ఏడాది) చేర్చాలి, ఎవరికి అప్లై చేయాలి? డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిదేనా, కలెక్టర్ ఉంటారా?

జవాబు 1:
మన జిల్లాకి దగ్గరగా ఉండేది కౌంటీ అండి, డిస్ట్రిక్ట్ దాని లోపలి భాగం. కలెక్టర్ ఉండరు. జనం ఎన్నుకున్న 45 మంది కౌన్సిలర్లు తమలో ఒకరిని లీడర్‌గా ఎన్నుకుంటారు, లీడర్ తన కేబినెట్‌తో కలిసి నడిపిస్తారు. చీఫ్ ఎగ్జిక్యూటివ్ జీతం తీసుకునే అధికారి, విధానాలు నిర్ణయించేది కౌన్సిలర్లే.
స్కూల్ అడ్మిషన్ కౌంటీ పని. జనవరి 15 లోపు అప్లై చేసేయండి, ఆలస్యమైతే దగ్గర్లోని స్కూల్లో సీటు దొరకడం కష్టం. రోడ్లు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ కూడా కౌంటీవే. చెత్త డబ్బాలు, ఇంటి ప్లానింగ్ అనుమతులు, ఓటర్ల జాబితా డిస్ట్రిక్ట్‌వి. పన్ను అందరి తరఫునా డిస్ట్రిక్టే వసూలు చేస్తుంది కానీ అందులో పెద్ద వాటా కౌంటీకే పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు ఉంది, అది డిస్ట్రిక్ట్‌నే అడగాలి.

జవాబు 2:
ఈ డిస్ట్రిక్ట్ ఆకారం చూడండి, గారెలా ఉంటుంది, మధ్య చిల్లు కేంబ్రిడ్జ్ నగరం. నగరానికి వేరే కౌన్సిల్. 1974 ఏప్రిల్ 1న రెండు గ్రామీణ డిస్ట్రిక్టులను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు, చాలా ఏళ్లు ఆఫీసు కూడా కేంబ్రిడ్జ్‌లోనే ఉండేది. 2004లో మీ కేంబోర్న్‌కే వచ్చింది.

జవాబు 3:
ఒక్క విషయం గట్టిగా చెప్తాను, ఓటరుగా నమోదు చేసుకోండి. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద అక్కడ ఉంటున్నవాళ్లకి కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. ఇది తెలియక మనవాళ్లు చాలామంది వదిలేస్తున్నారు, నాకు బాధగా ఉంటుంది. బూత్‌లో ఫొటో ఉన్న గుర్తింపు చూపించాలి, భారత పాస్‌పోర్టు సరిపోతుంది.
ఇంకోటి, ఇలా కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండంచెలుగా ఉండే పద్ధతిని తీసేసి అన్ని పనులూ ఒకే కౌన్సిల్‌కి ఇస్తామని ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో శ్వేతపత్రంలో చెప్పింది. మీ డిస్ట్రిక్ట్ కూడా అందులోకే వస్తుంది. అప్పటిదాకా స్కూల్ సంగతి కౌంటీకి, చెత్త డబ్బా సంగతి డిస్ట్రిక్ట్‌కి రాయండి.