ఏడో తరగతి పిల్లల్ని అడవి దగ్గరికి తీసుకెళ్ళాలి, తిరుపతి చుట్టుపక్కల ఎక్కడికి, ఎలా?

చంద్రగిరి_టీచర్:

అందరికీ నమస్తే. చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఏడో తరగతిలో 46 మంది ఉన్నారు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక రోజు వాళ్ళని బయటికి తీసుకెళ్ళి చెట్లు, పురుగులు, పిట్టలు, రాళ్ళు దగ్గరుండి చూపించాలని ఉంది.

పోయినేడాది ఒకే రోజులో నాలుగు చోట్లు పెట్టుకున్నాం. ఎక్కడా గంట నిలవలేదు. దిగడం, తలలు లెక్కపెట్టడం, ఫొటో, మళ్ళీ బస్సు. తిరిగొచ్చాక ఏం చూశారో రాయమంటే సగం మంది బస్సులో వేసిన పాటల గురించే రాశారు. తప్పు వాళ్ళది కాదు, చూడటానికి మేమే టైం ఇవ్వలేదు. మా స్కూల్ నుంచి తలెత్తితే శేషాచలం కొండలే. 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించిన కొండలు. అయినా మా పిల్లలకి ఎర్రచందనం అంటే పేపర్లో వచ్చే స్మగ్లింగ్ వార్తే, ఆ చెట్టు ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలీదు. అది విన్నప్పటి నుంచి మనసులో పెట్టుకున్నాను.

జూ, నగరవనం (ఊరి పక్కన అడవి పార్కు), తలకోన జలపాతం, నేలపట్టు పక్షుల చెరువు, ఇవి నా మనసులో ఉన్నవి. వీటిలో ఏది మేలు? 46 మందిని ఇద్దరు ముగ్గురు టీచర్లం ఎలా చూసుకోవాలి? ఇంకో టెన్షన్ ఏంటంటే, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పాపని పొట్టన పెట్టుకున్నప్పటి నుంచి అడవి అంటేనే తల్లిదండ్రులు వద్దంటున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలి?

గుట్టకింద_మాస్టారు:

మేడం, ఒకే చోటు పెట్టుకోండి. ఇరవై ఏళ్ళుగా పలమనేరు వైపు బడుల్లో పిల్లల్ని బయట తిప్పుతున్నాను, రెండో చోటు పెట్టిన ప్రతిసారీ మొదటి చోటు కూడా పాడైంది.

మీకు దగ్గర కాబట్టి నా ఓటు నగరవనానికి. అది కుదరకపోతే జూ. జూ అనగానే పులి, సింహం దగ్గరికి పరుగు పెడతారు, నిజమే. కానీ 1987లో మొదలైన ఈ జూ 5,532 ఎకరాలు. జంతువుల ఎన్‌క్లోజర్లు అందులో కొంతే, మిగతాదంతా కొండ కింద అడవి. సింహాన్ని పావుగంటలో చూపించేసి, ఎన్‌క్లోజర్లకి మధ్య నడిచే దారిలో కూర్చోబెట్టండి. బోనులో లేని జీవాలు అక్కడే ఉంటాయి: పుట్టలు, సీతాకోకచిలుకలు, సాలీళ్ళు, ఉడతలు. టికెట్ కౌంటర్‌కి ముందే ఫోన్ చేసి సెలవు రోజు ఏదో, స్కూల్ పిల్లలకి రాయితీ ఎంతో కనుక్కోండి.

ఎర్రచందనం గురించి. పిల్లలు మొదట అడిగేది "ఎరుపు ఏది సార్?" అని. బయటికి కనిపించదు, ఎరుపంతా లోపలి చేవలో ఉంటుంది. బెరడు నల్లగా, మొసలి వీపులా గళ్ళుగళ్ళుగా పగిలి ఉంటుంది. చెయ్యి పెట్టి తడమమనండి, కళ్ళు మూసుకుని ఇంకో చెట్టు తడిమితే తేడా వాళ్ళే చెప్పేస్తారు. ఒక ఈనెకి సాధారణంగా మూడు ఆకులు, గుండ్రంగా. కాయ చదునుగా, చుట్టూ రెక్కలా పల్చటి అంచు ఉంటుంది, దాన్ని పైనుంచి వదిలితే గాలికి ఎంత దూరం పోతుందో అడుగులతో కొలవచ్చు. ఈ చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరుగుతుందని అక్కడే, చెట్టు కింద చెప్పండి. క్లాసులో చెప్తే మార్కుల కోసం రాసుకుంటారు.

46 మందిని చూసుకోవడానికి నేను చేసేది ఇది. నలుగురైదుగురికి ఒక గ్రూపు, ఒక్కో గ్రూపుకి నాలుగు గజాల తాడు. దాన్ని నేల మీద చదరంగా పరిచి, ఆ గజం చోటులో ఉన్నవన్నీ ఇరవై నిమిషాలు చూడాలి. లెక్క రాయాలి, బొమ్మ గీయాలి. పేరు తెలియకపోతే వాళ్ళే పేరు పెట్టుకోవచ్చు. ఎండుటాకు ఎత్తితే కింద ఏముంది, చీమలు ఎటు నుంచి ఎటు పోతున్నాయి, ఆకుని ఎవరు కొరికారు, అంచు నుంచా, మధ్యలోనా? మొదటి ఐదు నిమిషాలు "ఏమీ లేదు సార్" అంటారు. మీరు కదలకండి, సమాధానం కూడా చెప్పకండి. పదో నిమిషానికి పిలవడం మొదలుపెడతారు, ఇక అక్కణ్ణుంచి లేపడమే కష్టం. అందరూ ఒకే మైదానంలో కళ్ళెదురుగా ఉంటారు కాబట్టి ముగ్గురు టీచర్లు చాలు.

తలకోన వద్దని కాదు. 270 అడుగుల జలపాతం, చెట్ల మీదికి పాకే లావాటి గిల్ల తీగలు, జీవితంలో ఒకసారి చూడాల్సినవే. కానీ నీళ్ళు కనిపించాక ఆ వయసు పిల్లలు ఆకు చూడరు, నాచు పట్టిన రాళ్ళు జారతాయి, మీ రోజంతా కాపలాతోనే పోతుంది. తొమ్మిదో తరగతికి వచ్చాక తీసుకెళ్ళండి.

పాలపిట్ట_తిరుపతి:

మాస్టారు చెప్పిన దానికి నాదీ అదే మాట. నేలపట్టు మీద మాత్రం నాకు చెప్పాల్సింది ఉంది, ఎందుకంటే ఏటా వెళ్తాను. చెరువు నీళ్ళలో నిలబడిన కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టి పిల్లల్ని మేపే దృశ్యం చూస్తే పెద్దవాళ్ళమే నోరు తెరుచుకుని నిలబడిపోతాం. పిట్టల రెట్ట కలిసిన ఆ నీళ్ళు పొలాలకి బలమని అక్కడి రైతులు వాటిని సొంత మనుషుల్లా చూసుకుంటారు, ఆ సంగతి పిల్లలు ఆ ఊరివాళ్ళ నోట వింటే ఎంత బాగుంటుందో. కానీ మీ దగ్గర నుంచి రానుపోను బస్సులోనే సగం రోజు పోతుంది. పైగా గూళ్ళు చెరువు మధ్యలో, పిల్లలు గట్టు మీద, 46 మందికి ఒకటో రెండో బైనాక్యులర్లు. ఎవరికీ తీరిగ్గా చూసే వీలుండదు.

ముందు మీ ఊరి చెరువుకి తీసుకెళ్ళండి అక్కా. మన వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కదా, జనవరిలో చెరువుల్లో నీళ్ళుంటాయి, వలస పిట్టలూ ఉంటాయి. కళ్ళతోనే కనిపించేవి చాలా ఉన్నాయి. గుడ్డికొంగ గట్టు మీద కూర్చుంటే మట్టి రంగు, ఎగిరితే తెల్లటి రెక్కలు. "రెండూ ఒకే పిట్టేనా?" అని కొట్లాడుకుంటారు, కొట్లాడుకోనివ్వండి. నీటికాకి రెక్కలు చాపి ఎందుకు ఆరబెట్టుకుంటుందో అడగండి. తోక చీలిన నల్లపిట్ట పసులపోలిగాడు గేదెల చుట్టూనే ఎందుకు తిరుగుతాడో గేదెలు తోలుకొచ్చిన తాతని అడిగించండి, మీకన్నా నాకన్నా బాగా చెప్తాడు. తీతువు అరిస్తే చెడు జరుగుతుందని ఇళ్ళల్లో భయపెడతారు కదా, అది నేల మీదే గుడ్లు పెట్టే పిట్ట, మనం దగ్గరికొస్తే గుడ్లకి ప్రమాదమని అరుస్తుంది. ఈ ఒక్క మాట తెలిస్తే పిల్లలు దాని మీద రాయి వెయ్యరు.

ఇంకోటి, పది నిమిషాలు మాటల్లేకుండా కూర్చోబెట్టండి. కాగితం మధ్యలో తనని ఒక చుక్కగా పెట్టుకుని, ఏ శబ్దం ఎటు నుంచి వచ్చిందో అక్కడ గుర్తు పెట్టాలి. ట్రాక్టర్ కూడా శబ్దమే, పెట్టనివ్వండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి ఆవరణ 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతం అయ్యింది. అక్కడి పిల్లలకి పిట్టలు టూర్‌లో చూసేవి కాదు, రోజూ బడి దారిలో కనిపించేవి. మన బడుల్లోనూ అలా ఉండాలని నా ఆశ.

ఇద్దరాడపిల్లల_నాన్న:

నేను అదే భయం ఉన్న తండ్రిని, చిత్తూరు నుంచి. మా పెద్దమ్మాయి బడిలో ఇట్లాంటి పర్యటనకి మొదట సంతకం పెట్టలేదు. తర్వాత ఆ మేడం మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి, ఎన్నింటికి బయల్దేరతారో, ఎక్కడ ఆగుతారో, ఏ ఆసుపత్రి దగ్గరో, అన్నీ కాగితం మీద చూపించింది. అప్పుడు పెట్టాను. కాబట్టి కాగితం పంపి ఊరుకోకండి, ఒక సాయంత్రం పిలవండి. ఇద్దరు ముగ్గురు తల్లులు మీతో వస్తామంటారు, రానివ్వండి.

చిరుత విషయానికి మాకు చెప్పింది ఇదీ: తెల్లవారుజామున, పొద్దు వాలాక అడవి అంచున ఉండకూడదు, ఎవరూ గుంపు వదిలి ఒంటరిగా పక్కకి పోకూడదు, బాత్రూంకైనా ఇద్దరితో పాటు ఒక టీచర్ వెళ్ళాలి. పాములకి, చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టాలి, పుట్ట బొరియల్లో వేలు పెట్టకూడదు, చెప్పులు కాదు బూట్లు. ఒకవేళ కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నాటుమందు అన్నీ మానేసి, కాలూ చెయ్యీ కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి. ఇవి పిల్లలకి కూడా నేర్పించారు. మా అమ్మాయి ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పింది.

గుట్టకింద_మాస్టారు:

ఈ నాన్నగారు చెప్పింది అక్షరాలా పాటించండి. హెడ్మాస్టర్ ద్వారా పర్మిషన్, ఫారెస్ట్ వాళ్ళకి ఉత్తరం, రెండూ ముందే పెట్టుకోండి. ఉత్తరంలో ఒక బీట్ ఆఫీసర్‌ని (అడవిలో గస్తీ తిరిగే ఉద్యోగిని) గంటసేపు పంపమని అడగండి. అడుగుజాడ చూసి అది ఏ జంతువుదో చెప్పే మనిషి ఎదురుగా నిలబడితే మన పాఠాలు ఎవరికి కావాలి! రాళ్ళ సంగతి మీరు అడిగారు, మేం మర్చిపోయాం. తిరుమల కొండకి అడుగున ఉన్న గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్ళు పైమాటే, దాని మీద కూర్చున్నది నగరి పేరు పెట్టుకున్న క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడి అయిన రాయి), చాలా తర్వాతిది. ఆ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డులో కనిపిస్తుంది కానీ పిల్లల్ని దించి నిలబెట్టే చోటు కాదది. కొండ నుంచి దిగే ఏదైనా వంక పక్కన నీళ్ళు లేని చోట రెండు రకాల రాళ్ళూ ఏరించండి, చేతిలో పట్టుకుంటే తేడా తెలుస్తుంది.

చంద్రగిరి_టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. ముందు ఊరి చెరువు, ఫిబ్రవరిలో నగరవనం, ఇదే ఖాయం చేశాం. శనివారం తల్లిదండ్రుల్ని పిలిచాను.

నిన్న ఆఖరి పీరియడ్‌లో తాడు ఆట స్కూల్ ఆవరణలోనే పెట్టి చూశాను. క్లాసులో నోరు విప్పని ఒక అబ్బాయి గోడ పక్కన మెత్తటి మట్టిలో గరాటుల్లాంటి చిన్న గుంటలు చూశాడు, లోపల చీమ కోసం కాచుకునే పురుగు ఉంటుంది కదా, అవి. "టీచర్, ఇది ఎప్పుడూ చూరు కిందే ఎందుకు తవ్వుతోంది?" అన్నాడు. నేను చెప్పలేదు, మీరే చూడండి అన్నాను. ఈరోజు బెల్లు కొట్టకముందే నలుగురు వచ్చి బడి చుట్టూ లెక్కపెట్టారు. చూరు కింద ముప్పై ఒకటి, వాన తగిలే చోట రెండు. ఇంటర్వెల్‌లో ఆ రెండు గుంటల మీద చెంబుతో నీళ్ళు పోశారు, పొద్దున్నే వచ్చి మళ్ళీ చూస్తారట.