అప్‌డేట్: ఇన్‌హేలర్‌కు లొంగని పిల్లికూత ఆస్తమా కాదు, శ్వాసనాళంలో టీబీ

రాయగడలో ఉండే మా చెల్లెలి గురించి అడిగాను కదా: తగ్గని దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రే మామూలుగానే ఉంది, కఫంలో ఏమీ లేదు, ఇన్‌హేలర్‌తో గుణం లేదని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "కూత ఒకవైపే ఉంటే బ్రాంకోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో శ్వాసనాళం లోపల చూసే పరీక్ష) అడగండి" అన్నవారికి.

బరంపురంలో ఛాతీ డాక్టరు గారు స్టెతస్కోపు ఎడమవైపు పెట్టి చాలాసేపు విన్నారు. "ఆస్తమా అయితే మామూలుగా రెండువైపులా వినిపిస్తుందమ్మా" అన్నారు. సీటీలో ఎడమ శ్వాసనాళం సన్నబడి ఉంది. బ్రాంకోస్కోపీలో లోపలి గోడంతా వాపు, దానిమీద తెల్లటి పొర. తెరమీద మాకూ చూపించారు. అక్కడి ముక్క బయాప్సీకి, నాళాన్ని కడిగి తీసిన నీరు సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) పంపితే టీబీ తేలింది. మామూలు మందులకు లొంగేదే.

హెచ్ఐవీ పరీక్ష అనగానే అమ్మ బెదిరిపోయింది. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ చేస్తారు, భయపడకండి. నెగెటివ్ వచ్చింది. హెచ్ఐవీ ఉండి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా తగ్గినవాళ్లలో ఎక్స్‌రే, కఫం పరీక్ష మరింతగా మోసం చేస్తాయట. వాళ్లకు టీబీని పట్టడానికి మూత్రంతో చేసే లామ్ పరీక్ష కూడా ఉంది.

జవాబుల్లో వచ్చిన దుమ్ము ఎలర్జీ, కట్టెల పొయ్యి పొగ, దిండ్లు మార్చడం, వీటికీ మా కేసుకీ సంబంధం లేదు.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే 6 నెలల మందులు పూర్తయ్యాయి. దగ్గు లేదు, మెట్లు ఎక్కుతోంది. టీబీ నయమైనా మచ్చవల్ల నాళం ముడుచుకుపోవచ్చు కాబట్టి ఇంకోసారి బ్రాంకోస్కోపీ చేసి చూస్తారు.